తలుపు తీసి కుర్చీలో కూర్చునేలోపు

ఒకరు తలుపు తీసుకుని గదిలోకి రావాలి. గది దాటి వెళ్లి, ఎదుటి మనిషి ముందున్న కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ రెండు ముక్కలు మాట్లాడుకోవాలి. అంతే. కథ అక్కర్లేదు, పాట అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008లో మొదలైన ఏఎస్ మీడియా స్టడీస్ కోర్సులో విద్యార్థులకు పెట్టిన తొలి అభ్యాసం ఇది. మన దగ్గర ఇంటర్మీడియట్ చదివే వయసు పిల్లలు చేయాల్సి వచ్చిన పని.

చూడ్డానికి చిన్నదే కానీ దానికి మూడు షరతులుండేవి. కదలిక మధ్యలో కట్ పడినా ఆ కదలిక తెగినట్టు అనిపించకూడదు. మాట్లాడుకునే ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని ఎదురెదురు కోణాల్లో చూపించాలి. ఆ ఇద్దరి మధ్య ఉన్నట్టు ఊహించుకునే గీతను (ఇమాజినరీ లైన్) కెమెరా దాటకూడదు. ఇది కుదిరాక అసలు పని మొదలయ్యేది. ఎవరూ తీయని ఒక కొత్త సినిమాను ఊహించుకుని, దాని టైటిల్స్‌నూ ఆరంభ దృశ్యాన్నీ రెండు నిమిషాలు మించకుండా తీయాల్సి ఉండేది. జట్టులో నలుగురికి మించి ఉండకూడదు. దృశ్యాలన్నీ సొంతంగా తీసినవే అయివుండాలి. చివరగా ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి ఉండేది: మొదటి అభ్యాసం నుంచి పూర్తయిన పని దాకా వచ్చేసరికి నువ్వేం నేర్చుకున్నావు?

ట్రైపాడ్ కదలకుండా నిలబెట్టడం, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడటం, లైట్లు పెట్టడం... జవాబులు సహజంగా ఇక్కడే మొదలవుతాయి. వీటన్నిటి అడుగున మరో విద్య ఉంది. చూసేవారి కన్ను ఎటు పోతుందో, వారి మెదడు దేన్ని తనంతట తానే పూరించుకుంటుందో ముందుగా అంచనా వేయడం. దర్శకులు, ఎడిటర్లు దీన్ని వందేళ్లకు పైగా చేసి చూసి పట్టుకున్నారు. గత ముప్ఫై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు అదే విద్యను ప్రయోగశాలలో కొలిచి చూశారు. వాళ్లు కొలిచిన వాటిలో చాలా సంగతులు ఆ చిన్న అభ్యాసంలోనే ఎదురవుతాయి.

కంటికి చిక్కని కట్

మొదటి షరతుతో, అంటే యాక్షన్ కంటిన్యూటీతో మొదలుపెడదాం. వరండాలోంచి తీసిన షాట్‌లో చెయ్యి తలుపు పిడి మీద పడుతుంది. పిడి తిరుగుతుండగానే కట్. గది లోపలి షాట్‌లో తలుపు తెరుచుకుంటోంది. కొత్తగా ఎడిటింగ్‌కు కూర్చున్నవారు చాలామంది ఇలా చేయరు. తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా ఆగి, మనిషి నిలబడ్డాక కట్ చేస్తారు. కదలిక లేనిచోట కోస్తే అతుకు నున్నగా వస్తుందని వారి లెక్క. తెర మీద చూస్తే ఆ కట్టే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎందుకలా? ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. వాళ్లు కొందరికి సినిమాల్లోని ముక్కలు చూపించి, కట్ కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కథ పట్టించుకోనక్కర్లేదు, కట్‌ల కోసం కాపు కాయడమే వాళ్ల పని. అయినా ఒకే సన్నివేశం లోపల, కదలిక మధ్యలో పడిన కట్‌లలో దాదాపు మూడోవంతు వాళ్ల కంటికి చిక్కలేదు. ఒక సన్నివేశం నుంచి మరో సన్నివేశానికి మారే కట్‌లలో తప్పిపోయినవి పదోవంతు లోపే. ఈ గమనించలేనితనానికి పరిశోధకులు 'ఎడిట్ బ్లైండ్‌నెస్' అని పేరు పెట్టారు.

మన కళ్లు సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి మరో చోటికి దూకుతుంటాయి. దూకే ఆ కొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు మెదడు చూపును అణిచిపెడుతుంది. లేకపోతే లోకం మసకగా జారిపోతూ కనిపించేది. ఏదైనా కదలడం మొదలుపెడితే కన్ను దానివైపు దూకుతుంది. కట్ సరిగ్గా అప్పుడే పడితే దాన్ని పట్టుకునే అవకాశం తగ్గిపోతుంది. పైగా చెయ్యి పిడి తిప్పగానే 'లోపల ఏముంది?' అన్న కుతూహలం పుడుతుంది. తర్వాతి షాట్ దానికే జవాబు చెబుతుంది కాబట్టి, మెదడు ఆ జవాబు అందుకునే పనిలో పడి అతుకును పట్టించుకోదు.

ఇందులోంచి షూటింగ్ రోజున పనికొచ్చే పాఠం ఒకటి పుడుతుంది. తలుపు తీయడం మొత్తాన్నీ వరండాలోంచి ఒకసారి, గదిలోంచి ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా తీయాలి. అదే చెయ్యి, అదే వేగం. సగం సగం తీసుకుంటే ఎడిటింగ్ బల్ల దగ్గర ఎటూ జరపడానికి ఉండదు. బ్రిటన్‌లో వీడియోకు సెకనుకు 25 ఫ్రేములు వాడతారు కాబట్టి ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కట్‌ను రెండు ఫ్రేములు ముందుకు, రెండు ఫ్రేములు వెనక్కు జరిపి చూస్తే చాలు, అతుకు తేలడమూ మునగడమూ విద్యార్థి తన కళ్లతోనే చూస్తాడు. టైమ్‌లైన్ మీద తప్పు వెంటనే కనబడుతుంది, వెంటనే దిద్దుకోవచ్చు. నైపుణ్యం త్వరగా పట్టుబడటానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు దొరకదు.

గీత దాటితే

ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుందాం. కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉన్నంతసేపు, ఒకరు తెర మీద కుడివైపు చూస్తారు, రెండోవారు ఎడమవైపు చూస్తారు. కెమెరా గీత దాటి అవతలికి వెళ్లిందంటే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనబడతారు. మాటలు ఒకరితో ఒకరివే అయినా, ఎక్కడో ఉన్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మన షూటింగుల్లో 'లెఫ్ట్ లుక్', 'రైట్ లుక్' అని పట్టుబట్టేది ఈ చిక్కు రాకుండా ఉండటానికే.

గది గోడలు ప్రేక్షకుడికి తెలియవు. తెర మీది ఎడమ, కుడి మాత్రమే అతనికున్న ఆనవాళ్లు. వాటితోనే మనసులో గదిని కట్టుకుంటాడు. క్రికెట్ ప్రసారాల్లో ఇదే సూత్రాన్ని ఇంకో రూపంలో చూడవచ్చు. ప్రతి ఓవర్‌కూ బౌలింగ్ ఎండ్ మారుతుంది. ఒకే వైపు కెమెరా ఉన్న రోజుల్లో ఒక ఓవర్ బౌలర్ వెనకనుంచి, తర్వాతి ఓవర్ బ్యాట్స్‌మన్ వీపు వెనకనుంచి చూడాల్సి వచ్చేది. 1977లో ఆస్ట్రేలియాలో టీవీ చానెల్ యజమాని కెర్రీ ప్యాకర్ వరల్డ్ సిరీస్ క్రికెట్ మొదలుపెట్టినప్పుడు రెండు చివర్లా కెమెరాలు పెట్టి ఆ ఇబ్బంది తీర్చారు. దాంతో ఎండ్ మారినా చూసేవారి దిక్కులు మారలేదు.

ఎదురు కోణానికి కట్ చేయడమన్నది కూడా ఒకప్పుడు ఎవరో మొదటిసారి చేసి చూసినదే. ఇంగ్లండ్ దక్షిణ తీరాన బ్రైటన్‌ను ఆనుకుని హోవ్ అనే ఊరుంది. అక్కడి జేమ్స్ విలియమ్సన్ 1900లో తీసిన 'అటాక్ ఆన్ ఎ చైనా మిషన్'లో, ఒక దృశ్యం నుంచి దానికి సరిగ్గా ఎదురు దిశకు కట్ ఉంది. రివర్స్ యాంగిల్‌కు తొలి ఉదాహరణల్లో ఒకటిగా సినిమా చరిత్రకారులు దీన్ని చెబుతారు. అదే ఏడు, అదే ఊళ్లో జి.ఎ. స్మిత్ 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' తీశాడు. ఒక కుర్రాడు అమ్మమ్మ భూతద్దంలోంచి చూసే వస్తువులు ఒక్కొక్కటిగా క్లోజప్‌లో తెర నిండా వస్తాయి. పదహారేళ్ల విద్యార్థి ఈరోజు మొదటివారంలోనే చేసే కట్‌లు నూట పాతికేళ్ల కిందట సాహసాలు.

ఈ కట్‌ల భాష చూసీ చూసీ అలవాటయిందా, లేక కంటికి సహజంగానే అర్థమవుతుందా? స్టీఫన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. దక్షిణ తుర్కియే కొండ గ్రామాల్లో, అంతవరకూ సినిమా గానీ టీవీ గానీ చూసిన అనుభవం లేని పెద్దవారికి చిన్న చిన్న వీడియోలు చూపించారు. మనం ఆలోచించకుండానే అందుకునే సినిమా పద్ధతులు కొన్ని వారికి కొరుకుడుపడలేదు. కానీ తమకు బాగా తెలిసిన పని ఏదైనా షాట్ నుంచి షాట్‌కు సాగుతూ ఉంటే, మధ్యలో కట్‌లున్నా దాన్ని చక్కగా అనుసరించారు. తలుపు తీయడం, నడవడం, కూర్చోవడం లాంటి మామూలు పనిని తొలి అభ్యాసంగా పెట్టడంలోని తెలివి ఈ ఫలితాన్ని బట్టి అర్థమవుతుంది. పని తెలిసినదైతే ఆ పనే అతుకుల్ని మోస్తుంది.

ముఖం మీద ఏముంది

సంభాషణ తీయమంటే కొత్తవారు మాట్లాడే మనిషినే చూపిస్తారు. మాట మారినప్పుడల్లా కట్. అయిదారు మాటల తర్వాత చూసేవారికి విసుగొస్తుంది. వినే మనిషి ముఖం మీద కాసేపు నిలపడం నేర్చుకున్నాక సన్నివేశానికి ప్రాణం వస్తుంది.

రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ పేరు మీద దీనికో ప్రసిద్ధ ప్రయోగం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఆయన, నటుడు ఇవాన్ మొజుఖిన్ ముఖం ఉన్న ఒకే షాట్‌ను సూప్ గిన్నె, శవపేటిక, ఒక స్త్రీ దృశ్యాల పక్కన అతికించి చూపించాడట. ప్రేక్షకులు ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక చూశారన్నది కథనం. అసలు ఫిల్మ్ మిగల్లేదు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ ఆ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే అలాంటి ప్రభావం కనిపించలేదు. 2016లో డేనియల్ బారట్ బృందం మరిన్ని ముఖాలతో, మరింత జాగ్రత్తగా చేసినప్పుడు మాత్రం, భావం లేని ముఖాన్ని పక్క షాట్‌ను బట్టి చదివే ధోరణి బయటపడింది. దాని బలం ఎంతన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. అందుకే ఎడిటింగ్‌లో వినేవారి ముఖం చూపే రియాక్షన్ షాట్‌ను ఎక్కడ పెడితే ఏమవుతుందో పెట్టి చూసి తెలుసుకోవాల్సిందే.

కంటిన్యూటీ విషయంలో కొత్తవారి భయం వేరు. మొదటి టేక్‌లో మెడ చుట్టూ ఉన్న స్కార్ఫ్ రెండో టేక్‌లో లేకపోతే పనంతా పాడైందని కంగారుపడతారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ 1997లో ఈ భయాన్నే పరీక్షకు పెట్టారు. ఇద్దరు స్త్రీలు బల్ల దగ్గర మాట్లాడుకునే చిన్న వీడియోలో కావాలనే తొమ్మిది మార్పులు చేశారు. స్కార్ఫ్ మాయమవుతుంది, పళ్లేల రంగు మారుతుంది. చూసిన పదిమందిలో ఒక్కరే ఏదో మారిందని గుర్తించారు. మరో వీడియోలో ఫోన్ మోగితే లేచిన మనిషి ఒకరు, కట్ తర్వాత ఫోన్ ఎత్తిన మనిషి ఇంకొకరు. దాదాపు మూడింట రెండొంతుల మంది ఆ తేడా పట్టలేదు.

అలాగని బట్టల సంగతి వదిలేయమని దీని అర్థం కాదు. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. 'అపోకలిప్స్ నౌ' ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్, మంచి కట్‌కు ఆరు కొలమానాలు పెట్టి వాటికి తూకాలు కూడా వేశాడు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10, ప్రేక్షకుడి కన్ను తెర మీద ఎక్కడుందో దానికి 7. మనుషులూ వస్తువులూ గదిలో సరిగ్గా అదే చోట ఉన్నారా అన్నదానికి దక్కింది 4 శాతం. రెండు టేక్‌లలో నటన ఒకదాంట్లో బాగుండి, కప్పు ఇంకోదాంట్లో సరైన చోట ఉంటే దేన్ని ఎంచుకోవాలో ఈ లెక్క చెప్పేస్తుంది.

కన్నూ చెవీ సర్దుకుంటాయి, కెమెరా సర్దుకోదు

రంగు ఉష్ణోగ్రత లెక్కన గదిలో బల్బు వెలుతురు సుమారు 2,700 కెల్విన్లు, కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు సుమారు 5,600 కెల్విన్లు. రెండింటి కిందా తెల్ల కాగితం మనకు తెల్లగానే ఉంటుంది, ఎందుకంటే మెదడు ఆ తేడాను లెక్కగట్టి తీసేస్తుంది. కెమెరాకు వైట్ బ్యాలెన్స్ మనం చెప్పాలి. చెప్పకపోతే అదే ముఖం ఒక షాట్‌లో పసుపుగా, మరో షాట్‌లో నీలంగా వస్తుంది, యాక్షన్ ఎంత కలిసినా అతుకు బయటపడుతుంది.

బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కన్ను పట్టుకోదు, కెమెరా పట్టుకుంటుంది. షట్టర్ 1/60 మీద ఉంటే తెర మీద చారలు పాకుతాయి, 1/50 లేదా 1/100కు మారిస్తే పోతాయి. ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసే విజయవాడ కుర్రాడికైనా, వరంగల్ అమ్మాయికైనా ఈ ఒక్క అంకె తెలిస్తే షూటింగ్ రోజు సగం తలనొప్పి తగ్గుతుంది.

శబ్దం ఇంకా కఠినమైన గురువు. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. కెమెరాకే ఉన్న మైకుతో దూరం నుంచి రికార్డు చేస్తే మనిషి నూతిలోంచి మాట్లాడినట్టు ఉండటానికి కారణం ఇదే. ఎదురుగా నిలబడి విన్నప్పుడు మన చెవులూ మెదడూ ఆ ప్రతిధ్వనిని చాలావరకు పక్కకు నెట్టేస్తాయి కాబట్టి, షూటింగ్ జరుగుతుండగా ఎవరికీ అనుమానం రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం, ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకోవడం, గొంతు కోసం మైకును ఫ్రేము అంచుదాకా తేవడం ఈ అనుభవం తర్వాతే అలవాటవుతాయి.

పెదవులకూ మాటకూ పొంతన ఎంతవరకు తప్పొచ్చో కూడా కొలిచి పెట్టారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మ కన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవారు పసిగడతారు. ఆలస్యమైతే సుమారు 125 మిల్లీసెకన్ల దాకా పసిగట్టలేరు. అంటే ఒక ఫ్రేము ముందుకు పోతేనే ప్రమాదం అంచుకు చేరతాం, మూడు ఫ్రేములు వెనకబడినా గట్టెక్కుతాం. నిజజీవితంలో దూరం నుంచి వచ్చే శబ్దం ఎప్పుడూ బొమ్మ తర్వాతే చేరుతుంది. 34 మీటర్ల అవతల కొట్టిన దెబ్బ చప్పుడు చెవికి చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది. మెదడు ఆ ఆలస్యానికి అలవాటు పడింది, దానికి తిరగబడ్డ క్రమానికి కాదు.

పేర్లు ఎక్కడ పడాలి

ఆరంభ దృశ్యానికి టైటిల్స్ కూడా ఉండాలి. ఇది మామూలు సన్నివేశంలో లేని చిక్కు. అక్షరం కనిపిస్తే కన్ను దాన్ని చదవకుండా ఉండలేదు. చూపు పదునుగా ఉండేది కంటి మధ్యభాగంలో, సుమారు రెండు డిగ్రీల మేర. చాచిన చేతి బొటనవేలి గోరు వెడల్పు దానికి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. అందుకని తెర ఒక మూలన పేరు చదువుతున్న కన్ను రెండో మూలన జరిగే ముఖ్యమైన పనిని చూడలేదు.

'దేర్ విల్ బి బ్లడ్' సినిమాలో బల్ల మీద మ్యాపు పరిచి మాట్లాడుకునే ఒక సన్నివేశాన్ని 11 మంది చూస్తుండగా వారి కళ్లు ఎటు తిరుగుతున్నాయో టిమ్ స్మిత్ రికార్డు చేశాడు. చాలాసేపు కట్ లేకుండా సాగే షాట్ అది. అయినా వారి చూపులు చాలావరకు ఒకే సమయానికి ఒకే ముఖం మీదికో, ఒకే చేతి మీదికో చేరాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో యూరి హాసన్ బృందం 2008లో దీన్నే మెదడు స్కానర్లో చూసింది. హిచ్‌కాక్ టీవీ చిత్రం 'బ్యాంగ్! యు ఆర్ డెడ్' చూస్తున్నవారి మెదడు పైపొరలో 65 శాతం భాగం అందరిలోనూ ఒకేలా స్పందించింది. ఒక పార్కులో కెమెరా పెట్టి వదిలేసిన, ఎడిటింగ్ లేని వీడియోకు ఆ వాటా 5 శాతం లోపే. ఇది సినిమా గొప్పదనానికి కొలత కాదు. దర్శకుడి చేతిలో ప్రేక్షకుల చూపు ఎంత ఉందో చెప్పే అంకె.

సాల్ బాస్ 'సైకో' (1960)కు చేసిన టైటిల్స్‌లో అడ్డంగా, నిలువుగా దూసుకుపోయే గీతలే పేర్లను మోసుకొచ్చి చీల్చుకుపోతాయి. కైల్ కూపర్ 'సెవెన్' (1995)కు చేసిన టైటిల్స్‌లో గీకినట్టున్న అక్షరాలు, నోటుపుస్తకాలు కుట్టే చేతుల క్లోజప్‌ల మధ్య వణుకుతూ వస్తాయి. రెండింటిలోనూ పేరు, బొమ్మ కంటి కోసం పోటీ పడవు, కలిసే నడుస్తాయి. విద్యార్థుల టైటిల్స్ బాగుపడేది కూడా ఇక్కడే. అలంకారాల ఫాంట్ వదిలేసి, పాత్ర నడిచి వెళ్లిపోయిన ఖాళీ జాగాలో, చర్య నెమ్మదించిన క్షణంలో పేరు వేసినప్పుడు.

చెప్పమంటే తెలిసేది

ఇంత చేశాక బోర్డు అడిగిన ప్రశ్నకు జవాబు రాయడం ఎందుకు? చేతికి వచ్చింది చాలదా? 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ జిప్, ఫ్లష్ లాంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని జనాన్ని అడిగారు. తమకు బాగానే తెలుసని మార్కులు వేసుకున్నారు. సరే, అడుగడుగునా వివరించి రాయమన్నారు. రాశాక తమకు తామే మార్కులు తగ్గించుకున్నారు. ఎడిటింగ్ విషయంలోనూ అంతే. 'ఎడిటింగ్ నేర్చుకున్నాం' అన్న వాక్యం ఏమీ చెప్పదు. 'పాత్ర కుడివైపు తల తిప్పడం మొదలెట్టగానే కట్ చేశాం, అంతకుముందు తల ఆగాక కట్ చేస్తే అతుకు తెలిసింది' అని రాయగలిగినవారికి ఆ పని రేపు ఇంకో గదిలో, ఇంకో కథకు కూడా చేతనవుతుంది. మొదటి అభ్యాసాన్నీ తుది వీడియోనూ పక్కపక్కన ఆపి, ఫ్రేము ఫ్రేముగా పోల్చినప్పుడే అలాంటి వాక్యాలు పుడతాయి.

తీసినవారికి కనబడని సంగతి ఇంకొకటుంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ కొందరిని తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో కొట్టమని, ఎదుటివారిని ఆ పాటేదో చెప్పమంది. సగం మందైనా చెబుతారని కొట్టేవారి అంచనా. 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడే. కొట్టేవారి చెవిలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవారికి టకటకలే. కథ రాసి, నటించి, వారాలపాటు ఎడిట్ చేసిన జట్టు పరిస్థితీ అదే. బల్ల మీది ఉత్తరం ఎవరిదో వారికి తెలుసు కాబట్టి అర సెకను చూపిస్తే చాలనుకుంటారు.

అందుకని తొలి కూర్పును (రఫ్ కట్) కథ తెలియని వారికి, ఒక్క ముక్క వివరించకుండా చూపించాలి. రెండు నిమిషాలూ అయ్యాక వాళ్లడిగే ప్రశ్నలన్నీ రాసుకోవాలి. అవి రెండు రకాలుగా విడిపోతాయి. ఆ స్త్రీ ఎందుకు పరుగెడుతోంది, ఆ ఉత్తరంలో ఏముంది అన్నవి ఒక రకం. వాటిని పుట్టించడానికే ఆరంభ దృశ్యం ఉన్నది, వాటిని ముట్టుకోకూడదు. ఇది అదే గదేనా, ఈయనేనా ఇందాక బయట నిలబడింది, ఎవరితో మాట్లాడుతున్నాడు అన్నవి రెండో రకం. వాటిలో చాలావాటికి మందు టైమ్‌లైన్ మీదే దొరుకుతుంది. గదిని ముందుగా చూపే ఒక విశాలమైన షాట్, మరో పన్నెండు ఫ్రేములు నిలిపిన క్లోజప్, దిక్కు సరిచేసిన ఒక లుక్. అక్కడ దొరకనివాటికి ట్రైపాడ్ పట్టుకుని మళ్లీ ఆ గదికే వెళ్లాలి.